హమ్ 50 దగ్గరే ఉంది, అయినా శ్రుతి తప్పింది: ఒక హరికథ క్యాసెట్, ఒక వీహెచ్‌ఎస్ టేపు

1993 శ్రీరామనవమికి తెనాలి దగ్గర ఒక ఊళ్లో పందిట్లో హరికథ చెప్పించారు. రాత్రి తొమ్మిదికి మొదలై అర్ధరాత్రి మంగళహారతితో ముగిసింది. దానికి రెండు రికార్డింగులు మిగిలాయి. మొదటిది, ఆంప్లిఫయర్ నుంచి వైరు లాగి బ్యాటరీ సెల్స్ మీద నడిచే మోనో టేప్ రికార్డర్‌లోకి ఎక్కించిన రెండు సీ-90 క్యాసెట్లు. రెండోది, వీడియోగ్రాఫర్ భుజం మీద కెమెరా పెట్టుకుని తీసిన వీహెచ్‌ఎస్ టేపు. టేపు, బ్యాటరీ మిగుల్చుకోవాలని అతను మధ్యమధ్యలో ఆపుతూ తీశాడు కాబట్టి బొమ్మ గంటన్నరే ఉంది, చివరి అరగంట అసలే లేదు. క్యాసెట్లో మాట బాగుంటుంది, బొమ్మ ఉండదు. వీడియోలో బొమ్మ ఉంటుంది, దాని శబ్దం మాత్రం పందిట్లో పిల్లల ఏడుపులు కలిసిన కెమెరా మైకుది.

హరిదాసు గారి మనవరాలు ఈ పని తెచ్చారు. రెండిటినీ కలిపి ఒక్క వీడియో కావాలి, అమెరికాలో ఉన్న పిల్లలకు చూపించాలి. అంతకుముందే ఊళ్లో ఒక స్టూడియోలో చేయించారు, ఆ డీవీడీ కూడా ఇచ్చారు. అందులో బొమ్మను అడ్డంగా సాగదీసి వెడల్పు తెరకు సరిపెట్టారు, ఆడియో మీద నాయిజ్ రిడక్షన్ గట్టిగా వేశారు. ఆవిడ ఒక్క మాటన్నారు: "ఇందులో తాతయ్య గొంతు పీలగా ఉందండీ, ఆయన గొంతు ఇంకా బరువుగా ఉండేది." ఇలాంటి మాటను చాలామంది జ్ఞాపకం తాలూకు సెంటిమెంట్ అనుకుని వదిలేస్తారు. నా అనుభవంలో మాత్రం గొంతు గురించి ఇంట్లోవాళ్లు చెప్పేది చాలాసార్లు కొలతకు నిలబడుతుంది. ఈ కేసంతా ఆ మాట చుట్టూనే తిరిగింది.

ముందు టేపు, తర్వాతే సాఫ్ట్‌వేర్

కోస్తా తేమకు క్యాసెట్లకు బూజు పట్టింది, ఒకదాంట్లో టేపును హెడ్‌కు, అంటే టేపు మీది శబ్దాన్ని చదివే భాగానికి, ఆనించే ఫెల్ట్ ముక్క ఊడిపోయింది. బూజు తుడిచి, టేపును స్క్రూలున్న కొత్త డబ్బాల్లోకి మార్చాను. ఇందులో విశేషమేమీ లేదు, ఓపిక ఉంటే చాలు.

విశేషమంతా అజిమత్‌లో, అంటే టేపు మీద హెడ్ నిలిచే కోణంలో ఉంది. హెడ్‌లోని సన్నటి గీత టేపుకు సరిగ్గా లంబంగా ఉండాలి. క్యాసెట్ టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్లు నడుస్తుంది, అంటే 10 కిలోహెర్ట్జ్ శబ్దం టేపు మీద 4.76 మైక్రాన్ల పొడవే. మోనో ట్రాక్ వెడల్పు 1.5 మిల్లీమీటర్లు. లెక్క వేసి చూడండి, హెడ్ 0.18 డిగ్రీ వంగితే చాలు, ట్రాక్ పై అంచుకూ కింది అంచుకూ మధ్య ఒక పూర్తి తరంగం తేడా వచ్చి ఆ పౌనఃపున్యం మాయమవుతుంది. రికార్డు చేసిన మెషీన్ హెడ్ ఎంత వంకరగా ఉందో, ప్లే చేసే హెడ్‌ను కూడా అంతే వంకర చేయాలి. స్టీరియో డెక్‌లో పెట్టి, రెండు చానెళ్లనూ మోనోగా కలిపి వింటూ, హిస్ (టేపు చేసే 'స్స్' చప్పుడు) బాగా పదునుగా వినిపించేదాకా స్క్రూ తిప్పడమే. పాత డీవీడీలో గజ్జెల చప్పుడు లేదు. ఈ స్క్రూ తిప్పగానే గజ్జెలు వచ్చాయి. టేపు నుంచి ఎత్తుకోని శబ్దాన్ని ఏ ఏఐ కూడా తెచ్చివ్వలేదు, తెచ్చినా అది కల్పించిందే అవుతుంది. 96 కిలోహెర్ట్జ్, 24 బిట్‌లో ఎక్కించాను. ప్రపంచవ్యాప్తంగా ఆడియో ఆర్కైవులు పాటించే ఐఏఎస్ఏ మార్గదర్శకాలు కనీసం 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ ఉండాలంటాయి, 96 అయితే మేలంటాయి.

హమ్ చెప్పిన అబద్ధం

పాత టేపు వేగం సరిచేయడానికి అందరికీ తెలిసిన చిట్కా ఒకటుంది. రికార్డింగులో కరెంటు హమ్, అంటే కరెంటు వల్ల శబ్దంలో కలిసే సన్నటి గుయ్‌మనే మోత, దొరికితే అదే గడియారం. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి హమ్ 51 దగ్గర కనిపిస్తే టేపు 2 శాతం వేగంగా నడుస్తోందని అర్థం, ఆ మేరకు తగ్గిస్తే సరి. నేర విచారణలో కూడా దీన్ని వాడతారు. రికార్డింగులోని హమ్ ఒడిదుడుకులను గ్రిడ్ రికార్డుతో పోల్చి, అది ఎప్పటిదో, మధ్యలో ఎడిట్ చేశారో లేదో తేల్చే పద్ధతిని రొమేనియాకు చెందిన కటాలిన్ గ్రిగోరాస్ ప్రాచుర్యంలోకి తెచ్చారు.

ఇక్కడ హమ్ చాలా స్పష్టంగా ఉంది. ఆంప్లిఫయర్‌లో ఏసీని డీసీగా మార్చే రెక్టిఫయర్ నుంచి, అసలు ఫ్రీక్వెన్సీకి రెట్టింపు దగ్గర వచ్చేది కాబట్టి 100 దగ్గరా, దాని గుణిజాల దగ్గరా బలంగా కనిపిస్తోంది. నేను 50కి ఆరో గుణిజాన్ని, అంటే 300 చుట్టుపక్కల గీతను చూస్తాను. ఒక్కోసారి ఎనిమిది సెకన్ల ముక్క తీసుకుని కొలిస్తే అక్కడ 0.125 హెర్ట్జ్ తేడా తెలుస్తుంది, ఆరుతో భాగిస్తే అసలు హమ్‌లో 0.02 హెర్ట్జ్ తేడాను కూడా పట్టుకోవచ్చు. మొదటి క్యాసెట్లో హమ్ 49.6 దగ్గర మొదలై చివరికి 50.3కి చేరింది, సగటు తీస్తే 50కి ఆనుకునే ఉంది. చిట్కా ప్రకారమైతే టేపు వేగం దాదాపు సరిగ్గా ఉన్నట్టే. రెండో క్యాసెట్ మొదట్లో మాత్రం ఒక్కసారిగా 49.1కి పడింది, అంటే రెండోది నెమ్మదిగా ఉందనుకోవాలి.

ఇక్కడే పప్పులో కాలేసే అవకాశం ఎక్కువ. 1990లలో దక్షిణాది గ్రిడ్ 50 దగ్గర నిలబడేది కాదు. ఉత్పత్తి చాలక, వాడకం మీద అదుపు లేక ఫ్రీక్వెన్సీ 48.5కి, కొన్నిసార్లు ఇంకా కిందికి జారిపోయేది. ఫ్రీక్వెన్సీని బట్టి కరెంటు ధర మారే ఏబీటీ పద్ధతి దక్షిణ ప్రాంతంలో 2003 జనవరిలో అమల్లోకి వచ్చాకే అది దారిలో పడింది. దక్షిణాది గ్రిడ్ మిగతా దేశంతో కలిసింది ఇంకా తర్వాత, 2013 డిసెంబరు 31న, రాయచూరు–షోలాపూర్ లైన్ మీదుగా. కాబట్టి 1993 నాటి రాత్రి తొమ్మిది గంటల హమ్‌ను 50 అనుకుని సరిచేస్తే 3 శాతం దాకా తప్పు వస్తుంది, అంటే అర స్వరస్థానం. యూరప్ వాళ్లు రాసిన ట్యుటోరియల్స్‌లో ఈ హెచ్చరిక ఉండదు, వాళ్ల గ్రిడ్‌కు ఆ అవసరం రాలేదు.

మరి దేన్ని నమ్మాలి? హార్మోనియంను. ఆ రాత్రి హార్మోనియం వాయించిన పెద్దాయన ఇంకా ఆ పక్క ఊళ్లోనే ఉన్నారని మనవరాలు చెప్పారు. "ఆయన ఎప్పుడూ ఒకటిన్నర శ్రుతేనయ్యా, దాని మీద నుంచి దిగేవారు కాదు" అన్నారాయన. అంతకన్నా మంచి కబురు, ఆ పెట్టె అమ్మలేదట. దుమ్ము దులిపి మీట నొక్కారు, నేను రికార్డు చేసుకున్నాను. ఒకటిన్నర శ్రుతి షడ్జం లెక్క ప్రకారం 277.2 హెర్ట్జ్ ఉండాలి, ఆ పెట్టెలో 278.4 వచ్చింది. ఎనిమిది సెంట్లు తేడా, అంతే (ఒక స్వరస్థానంలో నూరో వంతు ఒక సెంటు). ఇత్తడి రీడ్లు ఏళ్లు గడిచినా మరీ అంత మారవు, కనీసం సెల్స్ మీద నడిచే మోటారు మారినంతగా మారవు.

ఇక క్యాసెట్‌లో అదే షడ్జం చూస్తే మొదట్లో 284, మొదటి క్యాసెట్ చివరికి 288. అంటే 2 నుంచి 3.5 శాతం వేగంగా వినిపిస్తోంది, 60 సెంట్ల దాకా హెచ్చు శ్రుతి. రికార్డు చేసేటప్పుడు సెల్స్ వీక్ అయ్యేకొద్దీ మోటారు నెమ్మదించింది, అందుకే ఇప్పుడు మంచి డెక్‌లో వేస్తే అంతకంతకూ హెచ్చుతోంది. రెండో క్యాసెట్ 281 దగ్గర మొదలైంది, అంటే మధ్య విరామంలో ఎవరో కొత్త సెల్స్ వేశారు. హమ్ ప్రకారం మొదటిది సరైనది, రెండోది తప్పు. హార్మోనియం ప్రకారం రెండోదే నిజానికి దగ్గర. గ్రిడ్ దాదాపు 3 శాతం తక్కువ, మోటారూ దాదాపు 3 శాతం తక్కువ, రెండూ ఒకదాన్నొకటి కప్పేసి హమ్‌ను 50 దగ్గర కూర్చోబెట్టాయి. మనవరాలు చెప్పిన పీలగొంతు అదే.

వీడియో టేపులో ఉన్న గడియారం

హార్మోనియం ఎప్పుడూ మోగుతూ ఉండదు. వచనం చెప్పేటప్పుడు, పిట్టకథలప్పుడు ఆగిపోతుంది. ఆ సందుల్లో వేగం తెలియాలంటే ఇంకో ఆధారం కావాలి, అది వీహెచ్‌ఎస్‌లో ఉంది. కెమెరా సెకనుకు 25 ఫ్రేములను క్రిస్టల్ లెక్కన రాస్తుంది. క్రిస్టల్ ఎంత నాసిరకమైనా గంటకు పావు సెకను తేడా కూడా రాదు. కాబట్టి వీడియోను సరైన కాలానికి కడితే, దాని పక్కనే ఉన్న కెమెరా ఆడియో ఎంత చెత్తగా ఉన్నా కాలం విషయంలో నమ్మకమైనదే.

షరతు ఒకటుంది, డిజిటైజ్ చేసేటప్పుడు ఒక్క ఫ్రేము కూడా జారకూడదు. చవక యూఎస్‌బీ డాంగిళ్లు సింక్ వణికిన ప్రతిచోటా ఫ్రేములు మింగేస్తాయి, చివరికి మాటకూ పెదవికీ పొంతన ఉండదు. అందుకని వీసీఆర్ వీడియో అవుట్‌ను వాడకుండా, హెడ్ ఆంప్లిఫయర్ దగ్గరి టెస్ట్ పాయింట్ నుంచి ఆర్ఎఫ్ సిగ్నల్‌నే, అంటే హెడ్ టేపు నుంచి ఎత్తిన ముడి సిగ్నల్‌నే, నేరుగా రికార్డు చేసి, డీకోడింగ్ అంతా వీహెచ్‌ఎస్-డీకోడ్ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌తో చేశాను. లేజర్ డిస్కుల కోసం పుట్టిన ఎల్‌డీ-డీకోడ్ నుంచి చీలి వచ్చిన ప్రాజెక్టు ఇది. మన టీవీ పద్ధతి అయిన పాల్ వీహెచ్‌ఎస్‌లో వెలుగు సమాచారం 3.8 నుంచి 4.8 మెగాహెర్ట్జ్ మధ్య ఎఫ్ఎం రూపంలోనూ, రంగు 627 కిలోహెర్ట్జ్ దగ్గరా ఉంటాయి, రెండూ ఆ ఒక్క ఫైల్లోకే వచ్చేస్తాయి. సెకనుకు 2.86 కోట్ల శాంపిళ్లు, ఒక్కోటి 8 బిట్లు, అంటే గంటకు 100 జీబీ పైమాటే. హార్డ్ డిస్కు గోల అలా ఉంచితే లాభం చాలా పెద్దది. ఒక్కో గీతను 64 మైక్రోసెకన్లకు సరిగ్గా కట్టే టైమ్ బేస్ కరెక్షన్ సాఫ్ట్‌వేర్‌లోనే జరుగుతుంది, నచ్చకపోతే టేపును మళ్లీ తిప్పకుండా సెట్టింగ్ మార్చి మళ్లీ డీకోడ్ చేసుకోవచ్చు. తిప్పిన ప్రతిసారీ పొడి రాల్చే టేపుకు ఇది మామూలు సుఖం కాదు. టేపు అంచున వేరే ట్రాక్‌లో ఉండే లీనియర్ ఆడియో ఈ ఆర్ఎఫ్‌లో ఉండదు, దాన్ని వేరేగా ఎక్కించాలి. ఆర్ఎఫ్‌ను, ఆడియోను ఎక్కించే రెండు కార్డులకూ ఒకే క్లాక్ ఇవ్వకపోతే మొదటికే మోసం.

ఇక క్యాసెట్‌ను ఈ ఆడియోకు కట్టడం. జీసీసీ-ఫాట్ అనే పద్ధతి 1976లో న్యాప్, కార్టర్ రాసిన పేపర్ నుంచి వాడుకలో ఉంది. రెండు సిగ్నళ్ల మధ్య ఆలస్యాన్ని, ఫేజ్ మాత్రమే చూసి, చాలా పదునుగా చెబుతుంది. పది సెకన్ల ముక్కలు తీసుకుని 300–3000 హెర్ట్జ్ మధ్య పోల్చాను. అయితే 3 శాతం వేగం తేడా ఉన్నప్పుడు పది సెకన్లలో 300 మిల్లీసెకన్లు జరిగిపోతుంది, కోరిలేషన్ (రెండు శబ్దాల పోలిక) అలుక్కుపోయి ఏమీ దొరకదు. అందుకే ముందు హార్మోనియం నిష్పత్తితో మోటుగా సరిచేసి, తర్వాత కోరిలేషన్‌తో సన్నగా దిద్దాలి. సరిచేయడమంటే ఉత్త రీశాంప్లింగే, టేపును వేరే వేగంతో తిప్పినట్టే, కాలమూ శ్రుతీ కలిసే కదలాలి. పిచ్ షిఫ్ట్, టైమ్ స్ట్రెచ్ లాంటివి ఇక్కడ వాడకూడదు.

మధ్యలో ఆలస్యం గ్రాఫు ఉన్నట్టుండి యాభై, అరవై మిల్లీసెకన్లు గెంతింది. టేపు మోటారు అలా గెంతదు. పందిట్లో రెండు గుంజలకు రెండు హారన్ మైకులు కట్టారు. వీడియోగ్రాఫర్ ఒక హారన్ దగ్గర నుంచి ఇంకోదాని వైపు నడిచినప్పుడు పోలికలో బలంగా కనిపించే శిఖరం ఒక హారన్ శబ్దం నుంచి ఇంకోదానికి మారింది. ఇలాంటి గెంతులను గుడ్డిగా అనుసరించే ప్రోగ్రాము క్యాసెట్ గొంతును అక్కడ విరిచేస్తుంది. కాబట్టి వేగం మెల్లగానే మారాలని షరతు పెట్టి గెంతులను పక్కన పడేశాను.

అదే కారణంగా పెదవుల సింక్‌ను కెమెరా ఆడియోతో తేల్చకూడదు. హారన్ కెమెరాకు 20 మీటర్ల దూరంలో ఉంటే, ఏప్రిల్ రాత్రి వేడికి ధ్వని సెకనుకు 349 మీటర్లు పోతుంది, అంటే 57 మిల్లీసెకన్లు ఆలస్యం, ఒకటిన్నర ఫ్రేము. అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ ప్రమాణం ప్రకారం మాట 45 మిల్లీసెకన్లు ముందొచ్చినా, 125 మిల్లీసెకన్లు వెనకొచ్చినా జనం గుర్తుపట్టడం మొదలవుతుంది. కాబట్టి ఇది పర్వాలేదనిపించే తేడానే, కానీ హరికథకు చాలదు. చిడతలు కళ్లముందు తగులుతుంటాయి, ఆ దెబ్బ బొమ్మలో ఒక చోటా చెవిలో ఇంకో చోటా పడితే చిరాకు. ఒక్కో ఫ్రేమును రెండు సగాలుగా (ఫీల్డులుగా) రాసే ఇంటర్‌లేస్డ్ వీడియోను సెకనుకు 50 ఫీల్డులుగా విప్పాక, చిడతలు తగిలిన ఫీల్డును కంటితో చూసి 20 మిల్లీసెకన్ల లోపు సింక్ పట్టాను. క్లాపర్ బోర్డు అవసరమే రాలేదు.

వేగం అంతా సరిపోయాక, సరదాకి హమ్‌ను మళ్లీ చూశాను. తొమ్మిదింటికి 48.6, అర్ధరాత్రికి 49 దాటింది. ఊళ్లో లోడు తగ్గేకొద్దీ మెల్లగా పైకి లేచింది. ఇంకేం కావాలి.

ఏది నాయిజ్?

హమ్ తీయడం ఇప్పుడు తేలికైంది, అయితే 50 దగ్గర పెట్టే రెడీమేడ్ నాచ్ (ఒక్క పౌనఃపున్యాన్నే కోసేసే ఫిల్టరు) పనికిరాదు, గ్రిడ్ వెంట కదిలే నాచ్ కావాలి. దాన్ని ఒక హెర్ట్జ్ వెడల్పు మించనివ్వలేదు. 97 దగ్గర మృదంగం తొప్పి గుమకం ఉంది. 291 దగ్గరి గుణిజమైతే ఈ శ్రుతిలో శుద్ధ రిషభానికి పక్కిల్లు. వెడల్పాటి నాచ్ వేస్తే మాయామాళవగౌళ పాడిన ప్రతిసారీ రిషభం గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు ఉంటుంది.

హిస్ సంగతి వేరు. నాయిజ్ తీసే పద్ధతుల్లో 1979లో స్టీవెన్ బోల్ చెప్పిన స్పెక్ట్రల్ సబ్‌ట్రాక్షన్ దగ్గర నుంచి, 1984 నాటి ఎఫ్రాయిమ్, మలా పద్ధతి మీదుగా, ఇప్పటి న్యూరల్ డీనాయిజర్ల దాకా అన్నీ అడిగే ప్రశ్న ఒకటే: ఏది ఉంచాలి, ఏది పోవాలి? ఆర్ఎన్‌నాయిజ్ లాంటివి ఫోన్ మాటల కోసం పుట్టాయి. మాట ఉంచడం, మిగతాది తొక్కడం వాటి శిక్షణ. హరికథ మీద వేస్తే హరిదాసు గొంతు అద్దంలా వచ్చింది, హార్మోనియం శ్రుతి ఊగిసలాడుతూ మునిగిపోయింది, చిడతలు చచ్చుబడ్డాయి, గజ్జెలు పోయాయి, జనం "గోవిందా" అన్నది కూడా పోయింది. స్టూడియో డీవీడీలో వినిపించిన లోటూ ఇలాంటిదే. నిలబడి, ఆడుతూ, కాలి గజ్జెతో తాళం వేస్తూ చెప్పే కథలోంచి కాలిని తీసేస్తే మిగిలేది ఉపన్యాసం.

చివరికి నేను వేసింది చాలా తక్కువ. కథ మొదలవకముందు ఖాళీగా తిరిగిన టేపు నుంచి హిస్ నమూనా తీసుకుని, 6 డెసిబెల్స్ మాత్రం తగ్గించాను. 20 డెసిబెల్స్ తగ్గిస్తే డెమోకు బాగుంటుంది, పది నిమిషాలు వింటే తల నొప్పి పుడుతుంది. పాటలోని గొంతునూ వాద్యాలనూ వేరువేరు ట్రాకులుగా విడదీసే డెమక్స్ లాంటి సోర్స్ సెపరేషన్ మోడల్‌ను కూడా వాడాను, అయితే వినడానికి కాదు, కొలవడానికి. పాశ్చాత్య పాటల మీద శిక్షణ పొందిన ఆ మోడల్ చిడతలను డ్రమ్స్‌లోకి, హార్మోనియంను 'ఇతరాలు' లోకి నెట్టేసింది. ఆ 'ఇతరాలు' ట్రాకే నాకు బంగారం, షడ్జం కొలతలన్నీ అందులోంచే తీశాను.

బొమ్మ విషయంలో చిన్న పేచీ వచ్చింది. మనవరాలి తమ్ముడు ఫోర్‌కే కావాలన్నారు. వీహెచ్‌ఎస్‌లో అడ్డంగా ఉన్న వివరం 240 గీతల చిల్లర. ఏఐ అప్‌స్కేలర్ ముఖాలను బాగుచేసే మోడ్‌లో వేసి చూపించాను. నుదుటి మీది నిలువు నామం ముక్కు వైపు వంగింది, పళ్లు ఎవరివో వచ్చాయి. "మా తాతయ్య కాదండీ ఈయన" అని మనవరాలే అనేశారు, పేచీ అక్కడితో తీరింది. ఫీల్డులను జాగ్రత్తగా విప్పి 50 ఫ్రేముల ప్రోగ్రెసివ్‌గా చేసి, 4:3 నిష్పత్తి అలాగే ఉంచి, రంగు జారుడు సరిచేసి వదిలేశాను. అడుగున హెడ్ మారే చోట వచ్చే చిందరవందర గీతల మీద మాత్రం నల్లపట్టీ వేశాను.

అతుకుల సంగతి. క్యాసెట్ తిప్పిన చోట్ల క్యాసెట్ ఆడియో లేదు, అక్కడ ఈక్వలైజ్ చేసిన కెమెరా శబ్దం పెట్టాను. తేడా తెలుస్తుంది, తెలియాలి కూడా. ఒక సందులో కెమెరా కూడా ఆగి ఉంది, అక్కడ మౌనమే. బొమ్మ లేని చోట ఆ రాత్రి ఫోటో నిలబడి ఉంటుంది. చివరి అరగంటకు వీడియో గడియారం లేదు, హార్మోనియం ఒక్కటే ఆధారం. మంగళహారతిలో అదీ ఆగి, గంటలు మోగుతాయి. ఆ రెండు నిమిషాల వేగం అటూఇటూ ఉన్న కొలతల మధ్య గీత గీసి వేసిన అంచనా మాత్రమే. ఏ నిమిషంలో ఏ ఆధారం వాడానో ఒక టెక్స్ట్ ఫైల్లో రాసి, ముట్టుకోని ఆడియో, ఆర్ఎఫ్ ఫైళ్లతో పాటు రెండు హార్డ్ డిస్కుల్లో పెట్టి ఇచ్చాను. ఒకటి మనవరాలి దగ్గర, ఇంకోటి అమెరికాలో తమ్ముడి దగ్గర ఉన్నాయి. గంటల చప్పుడును ఆ గుడి గంటతోనే కొలవొచ్చేమో, అది ఇంకా అక్కడే వేలాడుతోందంటున్నారు. ఈసారి అటు వెళ్లినప్పుడు మైకు తీసుకెళ్తాను.